వైకింగు పుట్టిన ఊరు

పెళ్ళయి నెల తిరగలేదు. మా ఇంట్లో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులుంటాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పొద్దున్నే వాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే చెప్పలేను. మా ఆయన శ్రీకర్ ఉప్మాలో ఆవాలు గుప్పెడు పోస్తారు. అవి పళ్ళ కింద పటపటమంటుంటే అదీ బాగానే ఉంటుంది. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషిని ఆఫీసుకు పంపకూడదు. కానీ పెళ్ళికి పెట్టిన సెలవు అయిపోయింది కాబట్టి వెళ్ళాను.

మా ఆఫీసు పేరు రాష్ట్ర పదమూల నిర్ధారణ మండలి. గుంటూరులో ఒక పాత పొగాకు గోదాము మేడమీద ఉంటుంది. తెలుగులో వాడే ప్రతి మాటా ఎక్కడ పుట్టిందో తేల్చి, ధ్రువీకరించి, ఆ తర్వాతే మహాపదకోశంలోకి ఎక్కించడం మా పని. మనుషులకు స్థానికత ధ్రువపత్రం ఉన్నప్పుడు మాటలకెందుకు ఉండకూడదని ఎవరికో తోచింది. ఎవరికి తోచిందో తేలలేదు కానీ జీవో మాత్రం వచ్చింది.

మొదట్లో అంత ఇబ్బంది లేదు. పుట్టుక తేలని మాట పదకోశంలోకి రాకూడదు, అంతే. తర్వాత ఒక సవరణ వచ్చింది. పుట్టుక తేలేదాకా మాటను 'నిలుపుదల'లో ఉంచాలి, కార్యాలయ ఆవరణలో ఎవరూ దాన్ని పలకరాదు, రాయరాదు. ఆ పైన వచ్చిన సవరణ మా కార్యదర్శి గరటయ్యగారి సొంత కృషి. మాటను నిలిపేసి, ఆ మాట చెప్పే వస్తువును వాడుకుంటూ పోతే అది దొడ్డిదారిన మాటను వాడినట్టే కదా! కాబట్టి వస్తువునూ నిలిపేయాలి.

ముందు కాఫీ పోయింది. అది అరబ్బుల మాటో, ఆఫ్రికాలో ఒక ప్రాంతం పేరో పండితులకు తేలలేదు. మా అటెండరు యోహాను ఆ రోజునుంచి తలుపు చాటున నిలబడి, "అమ్మా, నల్లది తాగుతారా?" అని గుసగుసగా అడిగేవాడు. తర్వాత కుర్చీ. అది అరబ్బీదని అందరికీ తెలుసు, కానీ అరబ్బీలోకి ఎక్కడినుంచి వచ్చిందని ఒక సభ్యుడు అడిగేశారు. మర్నాటినుంచి అందరం చాపల మీద కూర్చున్నాం. మా అధ్యక్షులు పట్టాభిరామయ్యగారికి మాత్రం మోకాళ్ళ నొప్పుల దృష్ట్యా రెండు గోనెసంచులు అదనంగా మంజూరయ్యాయి.

నాకు ఇవేవీ పట్టలేదు. నాకు కావలసింది నాలుగు రోజుల సెలవు. శుక్రవారం నుంచి సోమవారం వరకు. మంగళవారం మా ఆయన బ్యాంకు శిక్షణకని పుణె వెళ్ళిపోతారు, మూడు నెలలదాకా రారు. పెళ్ళయినప్పటినుంచీ ఇంటినిండా చుట్టాలే. మేమిద్దరం ఏకాంతంగా మాట్లాడుకున్నది స్కూటరు మీదే, అదీ హెల్మెట్లలోంచి. అందుకని కొత్తమొగ అనే ఊళ్ళో, సముద్రపు పాయ ఒడ్డున, ఆయన స్నేహితుడి పెంకుటిల్లు ఆ నాలుగు రోజులకూ అడిగి పెట్టుకున్నాం. కిటికీ తెరిస్తే నీళ్ళేనట. నేను ఆ కిటికీని తలుచుకుంటూ పక్కవాళ్ళ ఫైళ్ళు కూడా పూర్తిచేసేస్తున్నాను.

సోమవారం సెలవుచీటీ తీసుకెళ్ళి గరటయ్యగారి చాప ముందు నిలబడ్డాను.

"అమ్మా హిమబిందూ," అన్నారాయన, చీటీ చదవకుండానే. "మీకు అప్పగించిన అక్షరం కింద నిలుపుదల పదం ఉన్నంతవరకు మీకు సెలవు మంజూరు చేయుటకు నిబంధనలు అంగీకరించవు."

"నా కింద ఏమీ లేవు సార్. 'వ' మొత్తం శుక్రవారమే పూర్తిచేశాను."

"ఈ ఉదయపు తపాలా చూసుకున్నట్టు లేదు."

చూసుకోలేదు. ఏడో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం అచ్చు ఆగిపోయిందట. ఒక పాఠంలో 'వైకింగులు' అనే మాట వచ్చింది. దానికి అర్థం ఒక్క వాక్యంలో, మండలి ఆమోదంతో కావాలని పాఠ్యపుస్తకాలవాళ్ళు అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క వాక్యమేగా! మధ్యాహ్నానికల్లా ఉన్న పుస్తకాలన్నీ తిరగేసి మళ్ళీ వెళ్ళాను.

"సార్, ఇది ఉత్తరాన నార్వే, డెన్మార్కు వైపు పాతకాలంనాటి మాట. ఎలా పుట్టిందన్నదానికి ముఖ్యంగా మూడు అభిప్రాయాలున్నాయి. వాళ్ళ పాత భాషలో 'వీక్' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. అలాంటి పాయల్లోంచి బయల్దేరేవాళ్ళు కాబట్టి వైకింగులన్నారని ఒకటి. తెడ్లు వేసేవాళ్ళు వంతు మారే దూరాన్ని 'విక' అనేవాళ్ళు, దాన్నుంచి వచ్చిందని రెండోది. తాత్కాలికమైన మకాంకి 'విక్' అనే పాత మాట ఉంది, దిగినచోటల్లా మకాం వేసేవాళ్ళు కాబట్టి అలా అన్నారని ఇంకోటి. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదు. మూడూ రాసి, 'భిన్నాభిప్రాయాలున్నాయి' అని పెట్టేస్తే..."

గరటయ్యగారు చెయ్యెత్తారు. "ఆగండి. తేలలేదన్నారు కాబట్టి ఈ క్షణంనుంచి అది నిలుపుదలలో ఉంది. ఇకమీదట 'సదరు పదం' అనాలి. మూడు ఊళ్ళలో పుట్టానని చెప్పేవాడికి ఎవరైనా రేషన్ కార్డు ఇస్తారా?"

"ఇవ్వరు సార్."

"అదీ సంగతి. పోనీ, సదరు పదం ఏమిటి? కులమా, తెగా, దేశమా? మన దరఖాస్తులో గడి నింపాలిగా."

"అసలు అది ఒక పని సార్. సముద్రం మీద దోపిడీ యాత్రకు వెళ్ళడాన్ని అలా అనేవాళ్ళు. వెళ్ళినవాడికీ అదే పేరు. వాళ్ళలో చాలామంది ఇంటి దగ్గర మామూలు రైతులు. విత్తనాలు చల్లి వెళ్ళేవాళ్ళు, కోతలకు తిరిగొచ్చేవాళ్ళు."

"అంటే సీజనల్ పోస్టు," అని రాసుకున్నారు. "మరి టీఏ, డీఏ?"

"దోచుకున్నదే సార్."

ఆయన కలం ఆపి కాసేపు పైకప్పు వంక చూశారు. "పూర్వీకులది మంచి పద్ధతేనమ్మా," అన్నారు.

"కొమ్ముల టోపీలు పెట్టుకునేవాళ్ళు, వాళ్ళేనా?" అని మళ్ళీ ఆయనే అడిగారు.

"కొమ్ములు తర్వాతి కాలంవాళ్ళ ఊహ సార్. ఆధారాల్లేవు."

"టోపీ సంగతి 'ట' వాళ్ళు చూసుకుంటారు. మీరు వెళ్ళండి. బుధవారం సమావేశంలో పెడదాం."

బుధవారం చాపల మీద సమావేశం జరిగింది. అధ్యక్షులవారు గోనెసంచుల మీద ఆసీనులయ్యారు. మండలిలో ఇద్దరే సభ్యులు, ఆచార్య విరూపాక్షం, డాక్టర్ అమృతవల్లి. ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో ఎదురెదురు గదుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఒక్క విషయంలోనూ ఏకీభవించకుండా పదవీవిరమణ చేసినవారు.

"సదరు పదం పాయలో పుట్టింది. ఇందులో చర్చకేముంది?" అన్నారు విరూపాక్షంగారు.

"పాయలో పుడితే పాయవాళ్ళందరూ సదరువాళ్ళే కావాలి. చేపలు పట్టుకునేవాణ్ణి పట్టుకుని సదరువాడంటామా? తెడ్డు పట్టినవాడే సదరువాడు. వంతులనుంచి వచ్చింది," అన్నారు అమృతవల్లిగారు.

"మీరు జీవితంలో తెడ్డు చూశారా?"

"గరిటె చూశాను. మీరు అదీ చూడలేదు. మీ ఇంట్లో అక్కయ్యగారే చెప్పారు."

గరటయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, ఈ విషయంలో కార్యాలయపు అభిప్రాయం మకాం. సర్కారు ఉద్యోగి ఎవరైనా మకాం అనే మాట దగ్గర వాదం పెట్టుకోడు."

మూడు వాదాలూ మధ్యాహ్న భోజనందాకా సాగాయి. పట్టాభిరామయ్యగారు కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమోనని నేననుకుంటుండగా కళ్ళు తెరిచి, "క్షేత్ర పరిశీలన చేయకుండా పుట్టుక నిర్ధారించరాదని పన్నెండో నిబంధన," అన్నారు. "నార్వే వెళ్ళడానికి అనుమతి అడిగామా?"

"అడిగామండీ," అన్నారు గరటయ్యగారు. "నార్వే ఏ మండలంలో ఉందో తెలుపవలసిందిగా పై కార్యాలయం కొర్రీ వేసింది."

"అయితే అదే నిబంధన కింద ఉపనిబంధన. స్వరాష్ట్రంలో సమాన భౌగోళిక లక్షణాలు గల ప్రదేశం."

అందరూ నావైపు చూశారు. సదరు పదం నాది కాబట్టి ప్రదేశం చూపించే బాధ్యతా నాదే. నాకు ఒక్కసారిగా కిటికీ కనిపించింది, దాని అవతల నీళ్ళు కనిపించాయి. సెలవు ఇవ్వకపోతే పోనీ, డ్యూటీ మీద వెళ్తాను!

"కొత్తమొగ అని ఉంది సార్," అన్నాను. "సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. పడవలున్నాయి. మకాం వెయ్యడానికి పెంకుటి... మంచి జాగా ఉంది. నేను శుక్రవారం వెళ్ళి చూసి, సోమవారానికి నివేదిక ఇస్తాను."

"ఒక్కరే ఎలా వెళ్తారమ్మా?" అన్నారు పట్టాభిరామయ్యగారు ఎంతో దయగా. "అందరం వస్తాం."

నా మొహం ఎలా అయిపోయిందో కానీ, అమృతవల్లిగారు నా చెయ్యి పట్టుకుని, "వంతుల వాదం తేలాలంటే తెడ్డు వేసే కుర్రవాడు కావాలి. మీవారు ఏం చేస్తారు?" అని అడిగారు.

"బ్యాంకులో మేడం."

"తెడ్డు తిప్పగలరా?"

"ఇంట్లో ఉప్మా తిప్పుతారు."

"సరిపోతుంది."

తీర్మానం రాశారు. 'సదరు పదం యొక్క క్షేత్ర పరిశీలన నిమిత్తము శ్రీమతి హిమబిందు భర్తను తాత్కాలిక ప్రాతిపదికన తెడ్డుదారుగా నియమించడమైనది. ఈ నియామకము వలన శాశ్వత తెడ్డుదారు పదవికి ఎట్టి హక్కు సంక్రమించదు.'

సాయంత్రం స్కూటరు మీద చెప్పాను. ఆయన బండి పక్కకు తీసి ఆపేసి హెల్మెట్ తీశారు.

"మన హనీమూన్‌కి మీ కమిటీ వస్తోందా?"

"వాళ్ళు పరిశీలనకి వస్తున్నారండీ. మనం మనకోసం వెళ్తున్నాం. ఊరు మాత్రం ఒకటే."

"నాకు జీతమెంత?"

"గౌరవవేతనం లేదు. గౌరవం కూడా లేదనుకుంటా."

ఆయన పెద్దగా నవ్వి, నా హెల్మెట్ మీద టకటకా కొట్టి బండి తీశారు. ఆ నవ్వు చూశాక, కమిటీ కాదు, కలెక్టరాఫీసంతా వచ్చినా ఫర్వాలేదనిపించింది. ఇంటికి వెళ్ళేదాకా అనిపించింది. ఇంటికి వెళ్ళాక ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున్న కొత్తమొగలో దిగాం. పాయ నిజంగానే అందంగా ఉంది. అటు తాటిచెట్లు, ఇటు వలలు ఆరబెట్టిన ఇసుక, మధ్యలో ఆకుపచ్చటి నీళ్ళు, నీళ్ళ మధ్యలో చిన్న ఇసుక తిప్ప. నేను చెప్పులు విడిచి నీళ్ళలో అడుగు పెట్టబోతుంటే గరటయ్యగారు, "అమ్మా, మండలి ఎక్కడుంటే అదే కార్యాలయ ఆవరణ. నడవడిక గమనించుకోండి," అన్నారు. చెప్పులు వేసుకున్నాను.

సర్కారు బండి వచ్చిందని ఊరంతా వచ్చింది. కొత్తమొగవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పడవలు కట్టుకోవడానికి జెట్టీ అడుగుతున్నారట. ఇన్నాళ్ళకు కొలతలకు ఆఫీసర్లు వచ్చారనుకున్నారు. అందరికంటే ముందు నిలబడ్డావిడ పేరు మాచమ్మ. పొట్టిగా, బలంగా, కొంగు బిగించి ఉంది.

"బాబూ, జెట్టీ ఈ ఏడాది అయిపోద్దా?" అని అడిగింది.

"పరిశీలిస్తాం," అన్నారు గరటయ్యగారు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ ప్రశ్నకూ మరో జవాబు చెప్పలేదు.

ఆ ఒక్క మాటకే మాచమ్మ ఇంట్లో పొయ్యి వెలిగింది. పీతల కూర, రొయ్యల వేపుడు, చేపల పులుసు వచ్చాయి. తాటాకుల పందిరి కింద బల్లలు వేసి కూర్చోబెట్టారు. బల్ల స్వచ్ఛమైన తెలుగు మాటేనని అధ్యక్షులవారు అక్కడికక్కడే తీర్పు చెప్పి కూర్చున్నారు. విరూపాక్షంగారు శాకాహారి. అందుకని ఆయన కోసం వేరే ఇంటినుంచి పెరుగు కుండ తెప్పించారు. ఆయన కుండతో సహా పూర్తిచేశారు. అమృతవల్లిగారు పీతలు తింటూ, "పాయలో దొరికే ఆహారం కూడా ఒక ఆధారమే," అని ఇంకో గరిటె వేయించుకున్నారు. వడ్డించేవాళ్ళ పిల్లలు పందిరి గుంజ పట్టుకుని గిన్నెలు ఖాళీ కావడం చూస్తున్నారు.

నాకు ముద్ద దిగలేదు. మాచమ్మను పక్కకు తీసుకెళ్ళి, "పిన్నిగారూ, మేం జెట్టీవాళ్ళం కాదు. మాటల ఆఫీసువాళ్ళం. ఒక మాట ఎక్కడ పుట్టిందో చూడ్డానికి వచ్చాం," అని చెప్పాను.

"మాటల ఆఫీసా? అట్టాంటిది కూడా ఉందా?"

"ఉంది."

"మరి జెట్టీ?"

"మా చేతిలో లేదు."

ఆవిడ పందిరివైపు చూసింది. "పీతలన్నీ తినేశారే!" అంది.

అప్పటికే గరటయ్యగారు రెండో దశలో ఉన్నారు. ఎండురొయ్యలు, ఎండుచేపలు, జీడిపప్పు, ఒక బస్తా కొబ్బరికాయలు 'నమూనాలు' పేరుతో బండి డిక్కీలోకి ఎక్కుతున్నాయి. "నమూనా అంటే ఒకటో రెండో కదా సార్?" అని మా ఆయన అడిగారు. "మీరు తెడ్డుదారు. తెడ్డు వరకే చూసుకోండి," అన్నారు గరటయ్యగారు.

భోజనాలయ్యాక పడవ వచ్చింది. పడవతను ఏడుకొండలు మమ్మల్ని ఒకసారి కళ్ళతో లెక్కపెట్టి, "అందర్నీ మొయ్యదు. ఇద్దరు దిగిపోవాల," అన్నాడు.

ఎవరు దిగాలన్నది చర్చనీయాంశం కాదు. పడవలో సీనియారిటీ ప్రకారం ఎక్కుతారు. అధ్యక్షులవారు, తర్వాత విరూపాక్షంగారు, అమృతవల్లిగారు, గరటయ్యగారు ఎక్కారు. శాశ్వత ప్రాతిపదికవాళ్ళు ఉండగా తాత్కాలిక తెడ్డుదారును ఎక్కించడం కుదరదని తేలింది. కాంట్రాక్టు మీదున్న నేనూ మిగిలాను. "తెడ్డు ఎవరు వేస్తారు?" అని ఏడుకొండలు అడిగితే, "నేను," అన్నారు అమృతవల్లిగారు చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ. పడవ ఊగుతూ, తిరుగుతూ, మూడు వాదాలనూ మోసుకుంటూ తిప్పవైపు వెళ్ళింది.

ఒడ్డున నేనూ, మా ఆయనా మిగిలాం.

అంత నిశ్శబ్దం మాకు అలవాటు లేదు. హెల్మెట్లు లేకుండా ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆయన తాటి ముంజె ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టారు. నీళ్ళు మోచేతిదాకా కారాయి. నేను చెప్పులు విడిచాను. చల్లటి బురద కాలివేళ్ళ మధ్యలోంచి పైకి రావడమంత గొప్ప విషయం నా జీవితంలో ఇంకోటి జరగలేదని ఆయనతో చెప్పాను. "పెళ్ళి?" అన్నారు. "దాని తర్వాత," అన్నాను.

ఇంకో ముంజె అవుతుండగా ఏడుకొండలు పడవ వేసుకుని వచ్చేశాడు. ఖాళీ పడవ.

"వాళ్ళేరీ?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"దిగిపోయారమ్మా, తిప్ప మీద."

"నువ్వు దింపేశావా?"

"నేనెందుకు దింపుతా? ఆళ్ళే దిగారు. ఆ పెద్దాయన పడవ అనే మాట మనదేనా అని అడిగాడు. ఆ అయ్యోరు మనదే అన్నాడు. ఆ అమ్మగారు అరవవాళ్ళది కూడా అంది. ఒకళ్ళనొకళ్ళు కరుచుకున్నంత పని చేశారు. ఇంక ఆ రాసుకునే సారు లేచి నిలబడి, మూలం తేలలేదు కాబట్టి ఇప్పుడే ఇక్కడే దీన్ని నిలిపేశాం, అందరూ దిగండి అన్నాడు. బాబూ ఇది నీళ్ళ మధ్యన అన్నా. రూలు రూలే అన్నాడు. తిప్ప దగ్గర్లో ఉంది కాబట్టి సరిపోయింది గానీ..."

మా ఆయన ఇసుకలో కూర్చుండిపోయి పొట్ట పట్టుకున్నారు.

"పోటు ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"సాయంత్రానికి. తిప్ప మునుగుద్ది గానీ మనుషులు మునగర్లే. మోకాళ్ళ దాకా వస్తది."

అవతల తిప్ప మీద నాలుగు చిన్న ఆకారాలు చేతులు ఊపుతూ వాదించుకుంటున్నాయి. మేం పిలిచినా వినిపించదు. వినిపించినా ఏం పిలుస్తాం? నేను నిబంధనలకు లోబడిన ఉద్యోగిని. ఇద్దరం పాయ వెంబడి నడుచుకుంటూ వెళ్ళాం. ఎండ్రకాయలు మమ్మల్ని చూసి కన్నాల్లోకి పరుగెత్తాయి. ఆయన చిన్నప్పుడు ఎండ్రకాయను జేబులో వేసుకుని బడికి వెళ్ళిన కథ చెప్పారు. పెళ్ళిచూపుల్లో నేను తెచ్చిచ్చిన పకోడీ ఉప్పగా ఉందనీ, అయినా తాను ప్లేటంతా తిన్నాననీ అప్పుడు చెప్పారు. ఎంత మంచి మనిషి!

ఎండ వాలేసరికి ఫోన్ మోగింది. గరటయ్యగారు.

"అమ్మా, నీళ్ళు పాదాల దాకా వచ్చాయి. వెంటనే... సదరు వస్తువు పంపించండి."

"ఏ సదరు వస్తువు సార్? మన దగ్గర చాలా ఉన్నాయి కదా. తాగేదా, కూర్చునేదా?"

"నీళ్ళ మీద వెళ్ళేది!"

"అది నిలుపుదలలో ఉందని ఏడుకొండలు చెప్పాడు సార్. మీరే నిలిపారట. నిలుపుదల వస్తువును పంపితే నామీద చర్య తీసుకుంటారేమో."

వెనకనుంచి అమృతవల్లిగారి గొంతు వినిపించింది. "ముందే చెప్పాను, ముందే చెప్పాను..." తర్వాత పట్టాభిరామయ్యగారు ఫోన్ తీసుకున్నారు.

"అమ్మాయీ, దీనికి మార్గమేమైనా ఉందా? నా మోకాళ్ళు నీళ్ళు తగలకూడని మోకాళ్ళు."

"ఒకటుంది సార్. పుట్టుక తేలని మాటకు అభిప్రాయాలన్నీ రాసేసి, వాడుకోవచ్చని తీర్మానం చేస్తే చాలు. నలుగురూ అక్కడే ఉన్నారు కాబట్టి కోరం కూడా ఉంది."

"అలా చేస్తే మండలి ఎందుకుంటుందమ్మా?"

"చేయకపోయినా ఉండదేమో సార్. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

"పిక్కలు," అన్నారాయన.

సమావేశం మొదలైంది. ఫోన్ ఆపలేదు కాబట్టి అంతా విన్నాను. విరూపాక్షంగారు పాయవాదాన్ని మొదట రాయాలన్నారు. అమృతవల్లిగారు అక్షరక్రమంలో రాయాలన్నారు. మోకాళ్ళ దగ్గర ఇద్దరూ ఏకీభవించారు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఏకీభవించడం వాళ్ళకిదే మొదలని గరటయ్యగారు తర్వాత నాతో అన్నారు. 'మూలం తేలని పదములన్నియు భిన్నాభిప్రాయములతో సహా తక్షణమే వినియోగంలోకి తేవడమైనది' అని తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది.

"ఇక పంపించండి, పడవ! పడవ! పడవ!" అని అరిచారు గరటయ్యగారు. ఆ మాట అంత ఆనందంగా పలికినవాళ్ళు ఇంకొకరుండరు.

"అంటే సార్, నా అక్షరం కింద నిలుపుదల పదం ఏదీ లేనట్టే కదా?"

"లేదు, లేదు."

"సెలవు?"

"శుక్రవారం సగం గడిచింది కాబట్టి సగం రోజు..." అని మొదలుపెట్టి, "అమ్మో, ఏదో తగిలింది! మంజూరు! నాలుగు రోజులూ మంజూరు!" అన్నారు.

ఏడుకొండలుకు చెయ్యి ఊపాను.

వాళ్ళు ఒడ్డుకు చేరేసరికి బట్టలన్నీ నడుముదాకా తడిశాయి. గరటయ్యగారు నేరుగా బండి దగ్గరకు వెళ్ళి డిక్కీ తెరిచారు. ఖాళీ. పక్కనే మాచమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నమూనాలేవీ?"

"చూశారుగా బాబూ. చూసినాక ఇంక నమూనాలెందుకు? ఎవరియ్యి వాళ్ళింటికి పంపేశా."

ఆయన ఏదో అనబోయి, చుట్టూ చేరిన జనాన్ని చూసి, 'నమూనాలు పరిశీలించి క్షేత్రమునందే వదలివేయడమైనది' అని చెప్పి నన్ను రాసుకోమన్నారు.

బండి ఎక్కబోతూ పట్టాభిరామయ్యగారు ఆగారు. "అమ్మాయీ, పాఠ్యపుస్తకాలవాళ్ళ వాక్యం మిగిలిపోయింది. పుట్టుక మూడు రకాలుగా రాద్దాం, మరి అర్థం? పాపం పిల్లలు ఎదురుచూస్తుంటారు. చెప్పు, ఇక్కడే ఆమోదించేస్తాను."

నేను ఆలోచించుకోనక్కర్లేకపోయింది. "వైకింగులు: తమ ఊళ్ళో మర్యాదగా బతుకుతూ, వీలు చూసుకుని పడవలెక్కి తీరపు ఊళ్ళ మీద పడి, దొరికింది తిని, మిగిలింది మూటగట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు."

అధ్యక్షులవారు రెండుసార్లు చదివించుకుని తలాడించారు. "ఎంత స్పష్టంగా ఉంది! కళ్ళకు కట్టినట్టు రాశావు." ఆయన కళ్ళు చెమర్చాయి. "ఎంత దుర్మార్గులమ్మా! పాపం ఆ కాలపు జనం ఎలా భరించారో!"

"ఏం భరిస్తారు బాబూ," అంది మాచమ్మ. "వండి పెట్టుంటారు."

"నిజమే, నిజమే," అన్నారు పట్టాభిరామయ్యగారు, ఆమోదిస్తూ సంతకం పెట్టి. బండి వెళ్ళిపోయింది.

మాచమ్మ పందిట్లో ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంది. "మీ ఇద్దరూ తిన్నట్టు లేరే," అంది మా వంక చూసి. "కూర్చోండి. పీతలు లేవు గానీ చింతచిగురు ఉంది."

"మేం కూడా వాళ్ళతో వచ్చినవాళ్ళమే పిన్నిగారూ," అన్నాను.

"తెలుసు. అందుకే గిన్నెలు నువ్వు తోము. నీళ్ళు మీ ఆయన మోస్తాడు."

బూడిద పెట్టి తోముతుంటే మా ఆయన బిందెతో నీళ్ళు తెచ్చి, సగం గిన్నెల మీద, సగం నా మీద పోశారు. పాయలో పోటు నిండుగా ఉంది. తిప్ప కనిపించడం లేదు.